ఢోలక్‌పూర్‌లో సకీనాకి ఇల్లెందుకు లేదు?

పోయిన జుమా రోజు రాజమండ్రిలో మా ఆపా వాళ్లింటికి వెళ్లాను. నమాజ్ అయ్యాక దస్తర్‌ఖాన్ పరిచారు. బగారా అన్నం, దాల్చా, గోంగూర గోష్. అందరం కూర్చున్నాం, ఒక్క మా భాంజీ తప్ప. ఏడో తరగతి పిల్ల. నేనొస్తే చాలు, "మామూ, ఏం తెచ్చావ్?" అంటూ గుమ్మంలోనే నా జేబులు తడిమే పిల్ల. ఆ రోజు మాత్రం లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. పక్కన ఒక లాంగ్ నోటుబుక్కు. అట్ట బాగానే ఉంది, లోపల సగం కాగితాలు లేవు.

"ఎవరు చింపారు బేటా?"

"అబ్బా."

అన్నం తర్వాత తిందామని అక్కడే చాప మీద కూర్చుని, మిగిలిన కాగితాలు చదివాను. అట్ట మీద స్కెచ్ పెన్నుతో పేరు రాసుకుంది: 'ఢోలక్‌పూర్‌లో సకీనా'.

మీ ఇంట్లో పిల్లలుంటే ఢోలక్‌పూర్ ఎక్కడుందో నేను చెప్పక్కర్లేదు. ఛోటా భీమ్ ఊరు. రాజీవ్ చిలక పెట్టిన గ్రీన్ గోల్డ్ కంపెనీ మన హైదరాబాద్‌లోనే ఆ కార్టూన్ తయారుచేస్తుంది. 2008లో పోగో చానల్లో మొదలైంది. భీమ్, చుట్కీ, రాజు, జగ్గు అనే కోతి, ఎప్పుడూ భీమ్ మీద ఏడ్చే కాలియా, వాడి వెనక తిరిగే ఢోలు, భోలు, లడ్డూలమ్మే టున్‌టున్ మౌసీ. ఇంత మందిని చూసి చూసి మా పిల్లకి కొన్ని సవాళ్లు పుట్టాయి. టున్‌టున్ మౌసీకి అంత మంచి లడ్డూలు చేయడం నేర్పింది ఎవరు? కాలియా అందరినీ ఎందుకు ఏడిపిస్తాడు? ఢోలక్‌పూర్ నదికి అవతల ఒడ్డున ఎవరుంటారు?

జవాబులు తనే రాసుకుంది. లడ్డూలు నేర్పింది అవతలి లంకలో ఉండే ఒక నానీ. ఆ నానీ మనవరాలే సకీనా. సకీనా అబ్బా దూది ఏకి పరుపులు కుడతాడు. కాలియాని చిన్నప్పుడు ఎవరూ ఆటలోకి రానివ్వలేదు, అందుకే వాడలా అయ్యాడు. ఒక రాత్రి గోదావరికి వరద వస్తుంది. అవును, ఢోలక్‌పూర్ పక్కన పారేది గోదావరేనని మా పిల్ల నిర్ణయం. డోరేమాన్ తలుపు తెరుచుకుని నోబితా గట్టు మీద పడతాడు. నేనిచ్చిన పుస్తకంలోంచి బుడుగు కూడా వచ్చేసి, ఎవరూ అడక్కుండానే అందరికీ సలహాలిస్తుంటాడు. గట్టుకి గండి పడబోతోంది. భీమ్‌కి బలం ఉంది గానీ లంకల్లో దారి తెలీదు. దారి తెలిసింది ఒక్క సకీనాకే. చివర మిగిలిన కాగితం మీద ఆఖరి మాటలు ఇవి: "అప్పుడు సకీనా భీమ్‌తో ఏమందంటే". అక్కడితో చిరిగిపోయింది.

దూలాభాయి చెడ్డ మనిషి కాదు. కూతురి చదువు కోసం రెండు పూటలా దుకాణంలో నిలబడే మనిషి. ఎందుకు చింపారని అడిగితే ఫోను తీసి, ఖాందాన్ గ్రూపులో వచ్చిన వాయిస్ మెసేజ్ వినిపించాడు. ఎవరిదో తెలీని గొంతు. కార్టూన్లు పిల్లల ఈమాన్‌ని తినేస్తున్నాయట, లేని మనుషుల గురించి కథలు రాయడం జూఠ్ అట, జూఠ్ రాసిన చేతికి రేపు హిసాబ్ ఉంటుందట.

"నువ్వే చెప్పు మియా. లేని ఊరు, లేని మనుషులు. అందులోకి మన పిల్ల మన పేరు తీసుకెళ్లి కలపడం ఏంటి?" అన్నాడు.

ఆపా ముందు బహస్ పెట్టుకోవడం ఇష్టంలేక ఊరుకున్నాను. కానీ దూలాభాయి నేను రాసేవి చదువుతాడు. ఆయనలాంటి అబ్బాలు, చాచాలు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మాఫ్ చేయాలి, కొంచెం గట్టిగానే రాస్తాను.

ముందు జూఠ్ సంగతి. ఆ వాయిస్ మెసేజ్‌కి సరిగ్గా మూడు మెసేజ్‌ల కింద, అదే గ్రూపులో, అదే దూలాభాయి పంపిన ఫార్వర్డ్ ఒకటుంది. 'షిన్‌చాన్ సచ్చీ కహానీ' అని. షిన్‌చాన్ జపాన్‌లో నిజంగా బతికిన ఐదేళ్ల పిల్లాడట. చెల్లెల్ని కాపాడబోయి కారు కింద పడి ఇద్దరూ చనిపోయారట. ఆ గమ్‌లో వాళ్లమ్మ బొమ్మలు గీసిందట. కింద పదకొండు ఏడుపు మొహాలు, రెండు ఇన్నాలిల్లాహ్‌లు.

ఆ బొమ్మలు గీసింది ఏ అమ్మీ కాదు. యోషితో ఉసూయి అనే మగాయన. 1990లో ఒక జపాన్ పత్రికలో మొదలుపెట్టాడు. 2009లో కొండ మీంచి పడి చనిపోయాడు. చనిపోయిన పిల్లల కథ ఎవరో పుట్టించిన పుకారు. నోబితా ఆస్పత్రి మంచం మీద కోమాలో కన్న కలే డోరేమాన్ అంటూ తిరిగేది కూడా ఇలాంటి పుకారే. డోరేమాన్‌ని సృష్టించిన ఫుజికో ఎఫ్. ఫుజియో 1996లో చనిపోయాడు, అలాంటి చివరి కథేదీ ఆయన రాయలేదు.

ఇప్పుడు చెప్పండి. మా భాంజీ రాసింది "అనుకుందాం" అని మొదలయ్యే కథ. సకీనా లేదని దానికి తెలుసు, చదివేవాళ్లకీ తెలుసు. ఎవరూ మోసపోరు. మీరు పంపింది "ఇది నిజం" అని కసమ్ వేసే అబద్ధం. పదకొండు మంది పెద్దవాళ్లు మోసపోయి ఏడ్చారు. ఇందులో జూఠ్ ఏది? హిసాబ్ ఎవరి చేతికి?

2020 జూన్ గుర్తుందా? లాక్‌డౌన్ రోజులు. భీమ్ చుట్కీని కాదని రాకుమారి ఇందుమతిని షాదీ చేసుకున్నాడని ఒక పుకారు లేచింది. చుట్కీకి ఇన్సాఫ్ కావాలంటూ ట్విట్టర్‌లో వేలమంది గోల. చివరికి ఆ కంపెనీయే బయటికొచ్చి, వాళ్లింకా పిల్లలు, ఏ షాదీ జరగలేదు అని చెప్పుకోవాల్సి వచ్చింది. నేనప్పుడు డెస్కులో ఉన్నాను. నవ్వులాటగా వార్త రాశాం. ఆ గోల చేసింది మీసాలొచ్చినవాళ్లు. చిన్నపిల్లల బొమ్మలకి షాదీలు అంటగట్టింది పెద్దలు. పన్నెండేళ్ల మా పిల్ల మాత్రం కాలియా ఎందుకు చెడ్డవాడయ్యాడో ఆలోచిస్తోంది.

అదే సంవత్సరం ఏప్రిల్ కూడా గుర్తుచేసుకోండి. పళ్లు, కూరగాయలు అమ్ముకునే మనవాళ్ల మీద ఎన్ని అబద్ధపు వీడియోలు తిరిగాయి! ఎప్పటివో, ఎక్కడివో తీసుకొచ్చి, ఇది నిన్న జరిగింది, వీళ్లే చేశారు అన్నారు. తోపుడు బండ్లవాళ్లని వీధిలోకి రానివ్వని రోజులవి. "సచ్చీ కహానీ" అని తిరిగే అబద్ధం ఏం చేస్తుందో ఈ దేశంలో మనకంటే ఎవరికి ఎక్కువ తెలుసు? ఫాసిక్ తెచ్చిన ఖబర్‌ని తహ్‌కీక్ చేసుకోమని సూరె హుజురాత్ మనకి చెబుతుంది. తహ్‌కీక్ చేయాల్సింది ఫార్వర్డ్‌ని. మనం దాన్ని పంపించేసి, పిల్ల నోటుబుక్కు మీద తహ్‌కీక్ చేస్తున్నాం.

ఇక దీన్ సంగతి. నేను ఆలిమ్‌ని కాను, ఫత్వాలివ్వడం నా పని కాదు. బొమ్మల మీద ఉలేమా మధ్య వేర్వేరు రాయ్‌లున్నాయని తెలుసు. ఒక్క వాకియా మాత్రం గుర్తుచేస్తాను. అబూ దావూద్‌లో ఉంది. హుజూర్ (స.అ.స) ఒక సఫర్ నుంచి తిరిగొచ్చారు. గాలికి పరదా తొలగి హజ్రత్ ఆయిషా (రజి.) ఆడుకునే బొమ్మలు కనబడ్డాయి. వాటి మధ్య ఒక గుర్రం, దానికి గుడ్డపీలికలతో రెండు రెక్కలు. గుర్రానికి రెక్కలేమిటని హుజూర్ అడిగారు. సులైమాన్ (అ.స) గుర్రాలకి రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె తిరిగి అడిగారు. హుజూర్ దవడ పళ్లు కనబడేలా నవ్వారట.

ఒక పిల్ల తన బొమ్మ గుర్రాన్ని తను విన్న ఇంకో కిస్సాతో కలిపింది. దానికి ఒక ఖాందాన్ ఇచ్చింది. జవాబుగా దొరికింది నవ్వు. ఆ గుర్రం రెక్కల్ని ఎవరూ పీకలేదు. దూలాభాయీ, మీరు ఆ వాయిస్ మెసేజ్ వందసార్లు విన్నారు. ఈ వాకియా ఒక్కసారి వినండి.

మన దాదీలు, నానీలు చేసింది మాత్రం ఏమిటి? దాస్తాన్-ఎ-అమీర్ హమ్జా వినని ఉర్దూ ఇల్లు ఒకప్పుడు లేదు. ఆ దాస్తాన్‌లో హమ్జా నౌషేర్వాన్ దర్బారుకి వెళతాడు, కోహ్‌కాఫ్ పరీల దగ్గరికి వెళతాడు. అమర్ అయ్యార్ జంబీల్ సంచిలో ఏది వేసినా పడుతుంది. చెప్పిన ప్రతి దాస్తాన్‌గో తన తరఫున ఒక పహిల్వాన్‌నో ఒక తిలిస్మ్‌నో కలిపాడు. అలా కలిపి కలిపి, లక్నోలో మున్షీ నవల్ కిషోర్ ప్రెస్ అచ్చేసేసరికి మొత్తం 46 జిల్దులయ్యాయి. అందులో ఒక్క తిలిస్మ్-ఎ-హోష్‌రుబానే 1883 నుంచి పదేళ్లపాటు అచ్చయింది. ఆ మహానుభావుడి ముబారక్ పేరుని కల్పిత కథకి వాడటం మీద అభ్యంతరం ఉన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ అభ్యంతరాన్ని గౌరవిస్తాను. కానీ మా భాంజీ తీసుకున్నది ఏ ముబారక్ పేరూ కాదు, లడ్డూలు తినే ఒక బొమ్మ పిల్లాడిని.

ఇబ్నె సఫీని చదివి పెరిగిన తరం మాది. 1952లో జాసూసీ దునియా మొదలుపెట్టి కర్నల్ ఫరీదీని, 1955లో ఇమ్రాన్‌ని ఇచ్చాడు. ఇద్దరూ కలిస్తే ఎలా ఉంటుందని చదివేవాళ్లు కొట్టుకున్నారు. 'జమీన్ కే బాదల్'లో ఇద్దర్నీ ఒకే చోటికి తెచ్చాడు. ఈ రోజు పిల్లలు క్రాసోవర్ అనేది దాన్నే. మజ్‌హర్ కలీమ్ లాంటివాళ్లు కూడా ఇమ్రాన్ మీద వందల నవలలు రాశారు. మన అబ్బాలు వాటిని అద్దెకి తెచ్చుకుని, దిండు కింద పెట్టుకుని చదివారు. ఎవరూ చింపలేదు.

నాది మాత్రం చింపారు. ఉర్దూ మీడియం బడిలో ఎనిమిదో క్లాసు. ఇమ్రాన్ రాజమండ్రి వచ్చి, హేవ్‌లాక్ వంతెన మీద రైలాపి దొంగని పట్టుకున్నట్టు రాశాను. ఉస్తాద్ చేతికి చిక్కింది. వేళ్ల మీద స్కేలు అడ్డంగా పెట్టి కొట్టారు. ఆ బాధ పోయింది. కానీ ఇప్పటికీ వార్తలు రాస్తాను గానీ ఒక్క కథ కూడా రాయలేకపోయాను. రాద్దామని కూర్చుంటే ఆ స్కేలు గుర్తొస్తుంది. నలభై దాటినవాణ్ణి, చెప్పుకోవడానికి షరమ్‌గానే ఉంది. భాంజీ వాచిన కళ్లు చూసినప్పుడు నాకు నా వేళ్లే గుర్తొచ్చాయి.

తర్వాత తెలుగు డిగ్రీకి వెళ్లాను. అక్కడొక ఆశ్చర్యం. మా లెక్చరర్ పాఠం చెబుతూ, గయోపాఖ్యానం నాటకం రాసిన చిలకమర్తి లక్ష్మీనరసింహం మన రాజమండ్రిలోనే ఉండేవారని ఎంతో ఫఖర్‌గా చెప్పాడు. ఆ నాటకంలో కృష్ణుడికీ అర్జునుడికీ యుద్ధం. వ్యాసుడి భారతంలో ఆ యుద్ధం లేదు. 'వీళ్లిద్దరూ కొట్టుకుంటే?' అనే ఊహ నుంచి పుట్టిన కథ. ఊరూరా ఆడారు, 1963లో శ్రీకృష్ణార్జున యుద్ధం సినిమా కూడా వచ్చింది. 1957లో వచ్చిన మాయాబజార్ సంగతీ అంతే, ఆ శశిరేఖ వ్యాసభారతంలో కనబడదు. తెలుగువాళ్లు ఆమెని ఇంటి పిల్లని చేసుకున్నారు. మా భాంజీ కథలోకి దూరిన బుడుగుని తయారుచేసింది కూడా ఈ గోదావరి వాళ్లే. ముళ్లపూడిది ధవళేశ్వరం, బాపుది నరసాపురం.

మన సంగతేంటి అంటారా? పిఠాపురం ఉమర్ ఆలీషా గారున్నారు. 1885లో పుట్టి 1945లో పోయారు. మహమ్మద్ రసూల్ వారి చరిత్ర రాసిన కలంతోనే అనసూయ, దానవ వధ లాంటి నాటకాలూ రాశారు. అవతలివాళ్ల పురాణ పాత్రల్ని తీసుకుని, తన తెలుగులో తన మాటలు పలికించిన గోదావరి ముసల్మాన్ ఆయన. దాంతో ఆయన ఈమాన్ కరిగిపోలేదు. అప్పట్లో ఆయనకి దొరికిన ఆ ఇజాజత్‌ని, వందేళ్ల తర్వాత మన పిల్లలకి మనమే ఇవ్వకపోతే ఎలా?

ఇప్పుడు దూలాభాయి అసలు సవాల్. మన పేరు తీసుకెళ్లి అందులో ఎందుకు కలపాలి?

ఎందుకంటే అక్కడ మన పేరు లేదు కాబట్టి. మా పిల్ల చూసే ఢోలక్‌పూర్‌లో రోజూ కనబడే ఆ పిల్లల గుంపులో ఒక్క సకీనా లేదు, ఒక్క సలీం లేడు. సినిమాకి తీసుకెళితే మన పేరున్నవాడు బాంబు పెడతాడు, లేకపోతే హీరో కోసం ఛాతీ అడ్డుపెట్టి చచ్చిపోతాడు. మామూలుగా స్కూలుకెళ్లి, లడ్డూ తిని, వరదొస్తే దారి చూపించే ఆడపిల్ల మన పేరుతో ఎక్కడుంది? స్కూల్లో "మీకు తెలుగు అంత బాగా ఎలా వచ్చు?" అని ఇప్పటికీ అడుగుతారని మా భాంజీ చెప్పింది. నన్నూ డిగ్రీలో అడిగేవారు. ఆ సవాల్‌కి నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. అది నోటుబుక్కులో జవాబు రాసింది. కథలో తన ఇల్లు ఎవరూ కట్టకపోతే తనే కట్టుకుంది, అదీ లంకలో, గోదావరి మధ్యలో.

ఈ పని చేసిన పిల్ల అదొక్కటే కాదు. అమెరికాలో మార్వెల్ కంపెనీ 2014లో మిస్ మార్వెల్ అనే కామిక్ మొదలుపెట్టింది. అందులో కమలా ఖాన్ అనే పాకిస్తానీ ఖాందాన్ పిల్ల. రాసిన విల్లో విల్సన్, ఎడిటర్ సనా అమానత్ ఇద్దరూ ముస్లిం ఆడవాళ్లే. మొదటి సంచికలోనే కమలా రాత్రిపూట అవెంజర్స్ మీద సొంత కథలు రాసుకుంటూ ఉంటుంది. ఎవరి కథల్లో తనకి చోటు లేదో, వాళ్ల కథల్ని తనే రాసుకున్న పిల్ల చివరికి హీరో అయింది. ఆ కామిక్ వాళ్లు సరిగ్గా పట్టుకున్న విషయాన్ని మనం చింపి రద్దీలో వేస్తున్నాం.

మన పేర్లు కథల్లో ఉండకూడదని అనుకునేవాళ్లు ఈ ముల్క్‌లో కొంతమంది ఉన్నారు. వాళ్ల పని వాళ్లు చేసుకుంటున్నారు. ఆ పనిలో మన అబ్బాలు ఎందుకు మదద్ చేయాలి? నా కోపమంతా ఇదే.

ఇక అమ్మీలు, అబ్బాలు చెప్పే భయాల్లో జాయజ్ ఉన్నవీ ఉన్నాయి, కాదనను. ఇంటర్నెట్‌లో అభిమానులు రాసే కథల్లో పిల్లలు చదవకూడని చెత్త బోలెడు. పిల్లల బొమ్మలతో పెద్దల రాతలు రాసేవాళ్లున్నారు. కాబట్టి ఫోను చేతికిచ్చి వదిలేయకండి, పక్కన కూర్చోండి. దీన్‌లోని ముబారక్ హస్తీలు ఆటవస్తువులు కారని పిల్లలకి ముందే అదబ్‌తో చెప్పండి, ఎదుటివాళ్లు పూజించే పేర్ల విషయంలోనూ అదే అదబ్ నేర్పండి. ఇంకొకరు సృష్టించిన పాత్రతో రాసిన కథ సంబరంగా రాసుకోవడం వేరు, అమ్ముకోవడం వేరు. జపాన్‌లో ఒక అభిమాని డోరేమాన్‌కి తనే ఒక ఆఖరి కథ గీశాడు. బ్యాటరీ అయిపోయి ఆగిపోయిన డోరేమాన్‌ని, నోబితా పెద్ద ఇంజినీరై మళ్లీ లేపుతాడు. జనం కళ్లనీళ్లు పెట్టుకుని వేల కాపీలు కొన్నారు. హక్కులున్న ప్రచురణ సంస్థ అభ్యంతరం చెప్పింది. 2007లో అతను మాఫీ అడిగి డబ్బు కట్టాడు. పిల్లలకి ఇదీ చెప్పండి. ఏది ఎవరి హక్కో తెలిస్తే ఇంకా జాగ్రత్తగా రాస్తారు.

ఈ హద్దులన్నీ ఒక లాంగ్ నోటుబుక్కులో, బాల్ పెన్నుతో, తెలుగులో రాసిన మా పిల్లకి ఎక్కడ తగులుతాయి? ఫోను వదిలి పుస్తకం పట్టండని రోజూ అరుస్తాం. ఫోను వదిలి పుస్తకం రాసిన పిల్లని కొట్టాం.

ఈ జుమాకి ఒక పని చేయండి. బయాన్ విని ఇంటికొచ్చాక, అన్నం దగ్గర మీ పిల్లల్ని అడగండి: కాలియా ఎందుకలా అయ్యాడంటావ్? నోబితా పెద్దయ్యాక ఏమవుతాడు? వాళ్లు చెప్పేదాంట్లో వాళ్ల స్కూలు ఉంటుంది, వాళ్లని ఆటలోకి రానివ్వనివాళ్లుంటారు, వాళ్ల భయాలుంటాయి. నేరుగా అడిగితే చెప్పని మాటలు సకీనా నోటితో చెబుతారు. వినడానికి పైసా ఖర్చు లేదు.

నిన్న ఆపా ఫోన్ చేసింది. దూలాభాయి ఏమీ అనలేదట, కానీ దుకాణం నుంచి వస్తూ రెండొందల పేజీల కొత్త నోటుబుక్కు తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాడట. భాంజీ దాన్ని ఇంకా ముట్టుకోలేదట. నేను ఫోనులో బతిమాలాను, పాతదాంట్లో పోయింది ఒక్క వాక్యమైనా చెప్పమని, సకీనా భీమ్‌తో ఏమందో చెప్పమని.

"మర్చిపోయా మామూ" అంది.

దూలాభాయీ, ఆ పిల్ల మర్చిపోలేదు. నోటుబుక్కు ఫ్రిజ్ మీద పెడితే సరిపోదు. మీరే చేతికిచ్చి, మీరే అడగండి.